ఒరెగాన్ తీరానికి ఆర్వీలోనా, యర్ట్‌లోనా? ముందు ఖర్చు లెక్క రాసుకోండి

సియాటిల్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడొకడు అడిగాడు. "అన్నా, మేం మూడు కుటుంబాలం. లాంగ్ వీకెండ్‌కి ఆర్వీ (మంచాలు, వంటిల్లు ఉన్న పెద్ద బండి) అద్దెకి తీసుకుని ఒరెగాన్ బీచ్‌కి వెళ్దామనుకుంటున్నాం. రోజుకి 150 డాలర్లకే దొరుకుతోంది. తీసేసుకోమంటారా?"

ఇప్పుడే వద్దు తమ్ముడూ. ఆ 150 బండి అద్దె మాత్రమే. అసలు ఖర్చు తాళాలు చేతికొచ్చాక మొదలవుతుంది.

మేం ఈ దేశం వచ్చిన కొత్తలో స్నేహితులతో కలిసి ఇలాగే రోజు అద్దె చూసి సంబరపడి బుక్ చేశాం. తిరిగొచ్చాక బిల్లు చూస్తే అద్దె ఒక వంతు, మిగతావన్నీ రెండు వంతులు. మైలుకి 35 సెంట్లు, జనరేటర్ నడిపిన ప్రతి గంటకీ ఇంత, గిన్నెలకీ దుప్పట్లకీ మనిషికింత, మురుగునీటి ట్యాంకు ఖాళీ చెయ్యకుండా తెచ్చినందుకు ఇంత, లోపల ఇసుక ఊడ్చినందుకు ఇంత. గ్యాస్, అంటే పెట్రోలు ఖర్చు దీనికి బయట. 25 అడుగుల బండి గాలన్‌కి 8 నుంచి 10 మైళ్ళు ఇస్తే గొప్ప. సియాటిల్ నుంచి ఒరెగాన్ తీరంలోని కేప్ లుకౌట్ పార్కు దాకా వెళ్ళి రావడానికి దాదాపు 500 మైళ్ళు, అంటే 50 గాలన్ల పైమాటే. ఒక్క చిట్కా చెప్తాను. ఒరెగాన్‌లో గ్యాస్ మామూలుగా మన వాషింగ్టన్ రాష్ట్రం కంటే చవక. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న ఆస్టోరియా వంతెన దాటాక ట్యాంకు నింపుకోండి. వంతెనకు టోల్ కూడా లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆనింగ్ దగ్గర తగిలింది. బండి పక్కన పందిరిలా చాచుకునే గుడ్డ అది. సాయంత్రం ఆకు కదల్లేదు. దాని కింద కుర్చీలు వేసుకుని పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకుని, చుట్టకుండానే పడుకున్నాం. పసిఫిక్ ఒడ్డున గాలి చెప్పి రాదు. అర్ధరాత్రి ధన్ ధన్‌మని చప్పుడైతే లేచి చూశాం. ఒకవైపు రాడ్డు మోచెయ్యిలా వంగిపోయి, చిరిగిన గుడ్డ బండి పైకప్పుని బాదుతోంది. డిపాజిట్‌లోంచి 900 డాలర్లు కోసేశారు. ఇన్సూరెన్స్ కట్టాం కదా అంటే, ఆనింగ్‌కీ పైకప్పుకీ వర్తించదని కాగితం చూపించారు. కార్డు నాది కాబట్టి ముందు నా ఖాతాలోంచే పోయింది. ఆ నెల ఎడ్యుకేషన్ లోన్ వాయిదాకి తడుముకోవాల్సి వచ్చింది. స్నేహితులు తలా కొంత ఇచ్చారు కానీ, అడగడానికి నేనూ, ఇవ్వడానికి వాళ్ళూ పడ్డ ఇబ్బంది ఇంకా గుర్తుంది.

అందుకే డబ్బు మాటలు బయల్దేరక ముందే తేల్చుకోండి. డిపాజిట్ ఎవరి కార్డు మీద, అది పోతే ఎలా పంచుకుంటారు, బండి ఎవరెవరు నడుపుతారు, ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టుకోండి. అగ్రిమెంట్‌లో పేరు లేని వాళ్ళు నడిపితే ఇన్సూరెన్స్ చెల్లదు. కనీస వయసు అద్దెకిచ్చేవాళ్ళని బట్టి 21 అయినా ఉంటుంది, 25 అయినా ఉంటుంది. మీ కారు ఇన్సూరెన్స్ అద్దె ఆర్వీకి పనికొస్తుందని ఊహించుకోకండి, ఫోన్ చేసి అడగండి. అద్దె కార్లకి రక్షణ ఇచ్చే క్రెడిట్ కార్డులు చాలావరకు ఆర్వీలని మినహాయిస్తాయి. ఇంకోటి, ప్రకటనలో ఏడుగురు పడుకోవచ్చని చూసి మురిసిపోకండి. సీటు బెల్టులెన్ని, పిల్లల కార్ సీట్లు ఎక్కడ బిగించాలి, అది చూడండి. మూడు కుటుంబాలంటే ఎలాగూ వెనక ఇంకో కారు బయల్దేరాల్సిందే. మరి ఆర్వీతో మిగిలిందేమిటి?

మొదటిసారికి నా మాట విని యర్ట్ తీసుకోండి. ఒరెగాన్ స్టేట్ పార్కుల్లో ఉండే గుండ్రటి గుడారం ఇల్లు అది. చెక్క నేల, తాళం వేసుకునే తలుపు, కరెంటు, హీటరు, బంకు మంచం, ఫ్యూటాన్ (మంచంగా పరుచుకునే సోఫా) ఉంటాయి. ఐదుగురు పడుకోవచ్చు. దుప్పట్లు మీరే తెచ్చుకోవాలి. స్నానాలకి, బాత్రూముకి బయటికి నడవాలి, అది పెద్ద కష్టమేమీ కాదు. ఇంట్లో అంత కష్టం కూడా వద్దనుకునే పెద్దవాళ్ళుంటే, కేప్ లుకౌట్, ఫోర్ట్ స్టీవెన్స్ పార్కుల్లో బాత్రూమూ చిన్న వంటిల్లూ ఉన్న డీలక్స్ క్యాబిన్లు ఉన్నాయి. వాటికి రేటెక్కువ. ఆర్వీ నిలిపే సైట్లకి 2022 జూలై నుంచి వేరే రాష్ట్రాల వాళ్ళ దగ్గర 25 శాతం అదనంగా తీసుకోవడం మొదలుపెట్టారు. వాషింగ్టన్ నుంచి వెళ్ళే మనకి అదొక వాయింపు. ప్రస్తుత రేట్లు పార్కుల వెబ్‌సైట్‌లో ఉంటాయి, చూసుకోండి.

బీచ్ ఫ్రంట్ రిసార్ట్ అని ఎక్కువ పెట్టి గది తీసుకునే వాళ్ళని చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. 1967లో వచ్చిన బీచ్ బిల్లు అనే చట్టంతో ఒరెగాన్ ఇసుక తీరం పొడుగూతా జనానిదే. లోపలికి రెండు వీధులవతల చవకగా దిగినా, రిసార్ట్‌లో వాళ్ళు నడిచే ఇసుక మీదే మీరూ నడుస్తారు. ఫోర్ట్ స్టీవెన్స్ దగ్గర 1906లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన పీటర్ ఐర్‌డేల్ ఓడ తుప్పుపట్టిన ఇనప ఎముకలతో ఇసుకలో నిలబడి ఉంటుంది. సముద్రం వెనక్కి తీసినప్పుడు పిల్లలు దాని చుట్టూ గంటలు గంటలు ఆడుకుంటారు.

వంట సంగతి. యర్ట్ లోపల వండకూడదు. ఆర్వీలో వండొచ్చు కానీ పోపు మాత్రం బయటే పెట్టండి. వాసన పోలేదని క్లీనింగ్ ఛార్జీ వేస్తారు. పోర్టబుల్ స్టవ్ ఒకటి కొనుక్కుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. మొదటి రోజుకి పులిహోర, చపాతీలు ఇంటినుంచే తీసుకెళ్ళండి. ఆర్వీకి 30 ఆంప్స్ కనెక్షనయితే మొత్తం 3600 వాట్లే వస్తాయి. స్పేస్ హీటర్, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. కట్టెలు ఇంటినుంచి మోసుకెళ్ళకండి, వాటితో చెట్ల పురుగులు వ్యాపిస్తాయి. పార్కులోనే కొనండి. రాత్రి పది దాటితే పాటలు కట్టెయ్యాలి.

పీతలు పట్టాలని ఉందంటే మాత్రం ఆ సరదా తీర్చుకోండి. గారిబాల్డిలో, న్యూపోర్ట్‌లో రేవు దగ్గర పీతలు పట్టే వల రింగులు అద్దెకిస్తారు, కొనక్కర్లేదు. 12 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ షెల్‌ఫిష్ లైసెన్స్ ఉండాలి. డంజినెస్ అనే రకం పీతల్లో మగవే ఉంచుకోవాలి, పెంకు అడ్డంగా ఐదూ ముప్పావు అంగుళాలైనా ఉండాలి. తిరగేసి చూడండి, పొట్ట మీద మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆడదాన్ని నీళ్ళల్లో వదిలెయ్యాలి. లైసెన్స్ లేకుండా పడితే కట్టే జరిమానాతో ఇంటిల్లిపాదీ రెస్టారెంట్లో తినొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం డబ్బు ఊసు ఎత్తను. మన విశాఖలో, సూర్యలంకలో మోకాళ్ళ లోతు దిగి కేరింతలు కొట్టినట్టు ఇక్కడ దిగకండి. ఆగస్టులో కూడా నీళ్ళు ఎముకలు కొరుకుతాయి. స్నీకర్ వేవ్ అనే అల ఉన్నట్టుండి చాలా దూరం పైకి వచ్చేస్తుంది. ఒడ్డున పడున్న పెద్ద దుంగల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటోలు తియ్యకండి, కొద్దిపాటి నీళ్ళకే అవి దొర్లి మనుషుల్ని నొక్కేస్తాయి. ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టకండి.

ఇక బుకింగ్. ఆరు నెలల ముందు నుంచి ఇస్తారు కాబట్టి వేసవి లాంగ్ వీకెండ్‌కి ఇప్పుడు వెతికితే ఏమీ మిగిలి ఉండదు. లేబర్ డే (ఇక్కడ సెప్టెంబరు మొదటి సోమవారం) దాటాక సెప్టెంబరు రెండో వారం చూడండి. జనం పల్చబడతారు, చాలా ఏళ్ళు ఎండ కూడా వేసవికంటే బాగుంటుంది. పిల్లలకి బడి కాబట్టి శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఫోర్ట్ స్టీవెన్స్‌తో సరిపెట్టుకోండి, అన్నిటికంటే దగ్గర అదే. మూడు కుటుంబాలకి మూడు యర్ట్‌లు పక్కపక్కన దొరక్కపోయినా పర్వాలేదు. రద్దయినవి మధ్యమధ్యలో వస్తుంటాయి, రోజూ ఒకసారి చూస్తూ ఉండండి. ముందు ముగ్గురూ కూర్చుని ఖర్చు రాసి నాకు పంపండి తమ్ముడూ, ఏం మర్చిపోయారో నేను చూసి చెప్తాను.