గత నెలంతా మా ఇంట్లో కళ్ళకి సెలవు, చెవులకి పని

గత నెలలో చదివినవి, చూసినవి, విన్నవి ఏమిటి, వాటిలో బాగా నచ్చినవేవి అని అడిగారు. నా జాబితాలో కొత్తవేవీ లేవని ముందే చెప్పేస్తున్నాను. పైగా దాదాపు అన్నీ చెవితో చదివినవే.

సంగతేమిటంటే, అమ్మకి కంట్లో శుక్లం తీశారు. వేళకి చుక్కలు వెయ్యడం, నల్ల కళ్ళద్దాలు, తలకి నీళ్ళు పోసుకోకూడదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, పుస్తకం, ఫోను, టీవీ కొన్నాళ్ళు ముట్టుకోకూడదు. పేపర్లో టెండర్ ప్రకటనలు కూడా వదలకుండా చదివే మనిషి ఆవిడ. రెండో రోజుకే విసిగిపోయి ఇల్లు పీకి పందిరేసింది. దాంతో ఆఫీసు పని అయ్యాక రాత్రిపూట నేను చదవడం, ఆవిడ వినడం మొదలైంది.

మొదట తీసింది రావిశాస్త్రి గారి ఆరు సారా కథలు. మా ఇంట్లో ఉన్న కాపీకి అట్ట ఎప్పుడో ఊడిపోయింది. కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి చదివాను, బాగుందనుకున్నాను, పక్కన పెట్టాను. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల్లో విశాఖపట్నం కోర్టుల చుట్టూ, పోలీసుల చుట్టూ, దొంగసారా అమ్ముకునేవాళ్ళ చుట్టూ తిరిగే కథలు. ఆయన మా విశాఖలోనే వకీలు, ఆ కోర్టు వరండాల్లో ఎవరెలా మాట్లాడతారో విని విని రాసినవాడు. మనసులో చదువుకున్నప్పుడు ఆయన పొడుగు వాక్యాలు కాస్త బరువనిపిస్తాయి: పోలిక మీద పోలిక, దాని మీద ఇంకో పోలిక. పైకి చదివితే ఆ బరువు మాయమైపోతుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో వాక్యమే చెప్తుంది. మూడో పోలిక దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఉన్నవాళ్ళు నవ్వడం మొదలెడతారు, నాలుగోదాని దగ్గర ఆ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది.

ముఖ్యంగా ‘మాయ’. సారా కేసులో ఇరుక్కున్న ఆడమనిషి, ప్రాక్టీసు కొత్తగా పెట్టిన కుర్ర వకీలుకి లోకం ఎలా నడుస్తోందో చెప్పే కథ. ఆవిడ మాటలు నేను గబగబా చదివేస్తుంటే అమ్మ ఆపింది. “ఏటే, వార్తలు చదివినట్టు చదివేస్తన్నావు? ఆవిడ అలా మాట్లాడదు. ఆగి, ఒక చూపు చూసి, అప్పుడంటాది ఆ మాట” అంది. అమ్మ పుట్టిల్లు విజయనగరం దగ్గర పల్లెటూరు. ఆవిడ చెప్పినట్టు ఆగి చదివితే, కోపం లేకుండా అన్న మాట కోపంగా అన్నదాని కంటే ఎంత గట్టిగా తగులుతుందో తెలిసింది. ఉత్తరాంధ్ర రచయితలని కంటితో మాత్రమే చదివితే సగమే అందుతారని నాకిప్పుడు గట్టి నమ్మకం. కాదనేవాళ్ళు ఆ ఒక్క కథా పైకి చదివి చూసి అప్పుడు మాట్లాడండి.

తర్వాత చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథలు. ఈయనది పూర్తిగా వేరే దారి. ఒక్క మాట ఎక్కువ ఉండదు, పోలికల జోలికే పోడు. ‘ఎంపు’ చదవడానికి కొంచెం జంకాను. అందులో ముష్టెత్తుకునే తండ్రి కూతురికి మొగుణ్ణి ఎంచుతూ, కుంటివాడి కంటే గుడ్డివాడే నయమని లెక్కలు వేస్తాడు, వాడికి ముష్టి ఎక్కువ పడుతుంది కదా అని. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చున్న మనిషికి ఈ కథేమిటి అనుకుంటూనే చదివాను. అమ్మ పగలబడి నవ్వింది. “అయితే నాకిప్పుడు రేటు పెరిగిందన్నమాట” అంది. ఆ నవ్వు అయ్యాక చాలాసేపు ఆ కూతురి గురించే మాట్లాడింది, తండ్రి లెక్కలో ఎక్కడా తప్పు లేదు, అదే కదా బాధ అని.

‘వాయులీనం’ మాత్రం నవ్వించే కథ కాదు. సంసారంలో పడి ఫిడేలు పక్కన పెట్టేసిన ఇల్లాలు, ఆవిడకొచ్చిన జబ్బు, డబ్బుకి కటకట. ఆ ఫిడేలు ఏమవుతుందో చదవనివాళ్ళ కోసం చెప్పను. అది అయిపోయాక ఫిడేలు వినాలనిపించింది ఇద్దరికీ, ద్వారం వెంకటస్వామినాయుడు గారి పాత రికార్డులు పెట్టుకున్నాం. బెంగుళూరులో పుట్టినా పెరిగింది మన వైపే. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యుడిగా చేరి, ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. పాటగాడి పక్కన కూర్చునే వాద్యాన్ని ఒంటరిగా కచేరీ చేసే వాద్యంగా నిలబెట్టినవాళ్ళలో ఆయనొకరు. శాస్త్రీయ సంగీతం నాకు పెద్దగా తెలియదు, రాగాల పేర్లు అడక్కండి. కానీ ఆ కమాను లాగుడులో ఒక నిదానం ఉంది. పాత 78 గ్రామఫోను రికార్డు ఒక పక్క మూడు నిమిషాలకి అటూ ఇటూగా అయిపోతుంది, అయినా ఎక్కడా తొందర కనిపించదు. వెనకాల వచ్చే గరగర శబ్దాన్ని కూడా కొన్నాళ్ళకి చెవి క్షమించేస్తుంది.

సంగీతంలో ఇంకో కొస ఉద్యమ పాటల వంగపండు ప్రసాదరావు గారు. ఆయన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. మా నాన్న వైపు బంధువుల్లో ఆ గేటు దాటి డ్యూటీకి వెళ్ళినవాళ్ళు ఉన్నారు, అందుకే ఆయన పాటలు మా ఇంట్లో పార్టీలకి సంబంధం లేకుండా పాడుకునేవారు. అమ్మకి మాటలన్నీ నోటికి వచ్చు. నేను ఫోన్లో పెడితే, ఫోను కంటే అమ్మే ముందు పాడేసింది.

పాడ్‌కాస్టుల దగ్గరికొస్తే, పగలు నేను పనిలో ఉన్నప్పుడు అమ్మకి కిరణ్‌ప్రభ గారి టాక్ షోలు పెట్టి వెళ్ళేదాన్ని. కౌముది పత్రిక నడిపే ఆయనే. ఒక్కో మనిషి జీవితం మీద భాగాలకి భాగాలు చెప్తారు. వెనక సంగీతపు హడావుడి లేదు, అరుపుల్లేవు, పెద్దమనిషి ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉంటుంది. నిడివి ఎక్కువన్నది నా ఫిర్యాదు. అమ్మకి అదే సుఖం. మధ్యలో కునుకు తీసి లేచినా కథ ఇంకా నడుస్తూనే ఉంటుంది. హర్షణీయం కూడా కొన్ని విన్నాం, తెలుగు కథలు, రచయితలతో మాటలు ఇష్టమైతే అది వెతుక్కోండి. ఒక ఆడియో యాప్‌లో డబ్బు కట్టి కొన్న నవల మాత్రం పది నిమిషాలకే ఆపేశాం. చదివే అమ్మాయి గొంతు బాగుంది, కానీ చాకిరేవు దగ్గర మనుషులూ కలెక్టరు గారూ ఒకే గొంతుతో, ఒకే యాసలో మాట్లాడితే ఎలా?

సినిమా ఒక్కటే, ‘కేరాఫ్ కంచరపాలెం’. 2018లో వచ్చినప్పుడు హాల్లో చూశాను. ఈసారి అమ్మ నల్ల కళ్ళద్దాలతో వెనక్కి వాలి విన్నది, మధ్యమధ్యలో నేను బొమ్మ చెప్పాను. వెంకటేష్ మహా గారు అందులో చాలామంది పాత్రలకి ఆ పేట జనాన్నే తీసుకున్నారు కదా, ఆ ఫలితం చూసేటప్పటి కంటే వినేటప్పుడే బాగా తెలుస్తుంది. ఎవరూ డైలాగు చెప్పరు. మాట మధ్యలో మింగేస్తారు, ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడతారు. మందు షాపులో పనిచేసే గడ్డం కథ నాకు మొదటిసారి కంటే ఎక్కువ నచ్చింది. జోసెఫ్, భార్గవిల కథ కొంచెం పల్చగా అనిపించింది, అక్కడ గొడవలు మనం ముందే ఊహించేస్తాం. చివర నాలుగు కథలూ కలిసే చోటు చూసినవాళ్ళకి తెలుసు, చూడనివాళ్ళకి ఎవరూ చెప్పకండి. అమ్మ ఆ ముడి సగంలోనే విప్పేసింది. బొమ్మ కనిపించకపోవడం వల్లే పట్టుకోగలిగానని ఆవిడ వాదన. నాకైతే అనుమానమే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఇంట్లో వినే మనిషి ఒకరున్నారంటే ‘మాయ’తో మొదలుపెట్టండి. పుస్తకం లేకపోతే విశాఖ ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, ఓసారి అడిగి చూడండి. యాస రాకపోతే తెచ్చిపెట్టుకోవద్దు, సినిమాల్లో హాస్యగాళ్ళ యాసలా తయారవుతుంది. మీ మామూలు గొంతుతో నిదానంగా చదివితే చాలు, మిగతా పని ఆయన వాక్యం చూసుకుంటుంది.

ఇప్పుడు కన్యాశుల్కం నడుస్తోంది, 1909 నాటి పెద్ద కూర్పు, ఏడంకాలు. ఈసారి పాత్రలు పంచుకున్నాం. అమ్మకి చదవడానికి డాక్టరు గారు ఒప్పుకున్నారు కాబట్టి మధురవాణి ఆవిడకే కావాలంది, రామప్పంతులు, గిరీశం నా నెత్తిన పడ్డారు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం పూటకూళ్ళమ్మ ఇచ్చిన ఇరవై రూపాయల సంగతి చెప్పే చోట నన్ను మూడుసార్లు వెనక్కి తిప్పింది. రెండో కంటి ఆపరేషను కూడా దగ్గరికొస్తోంది, ఆ రోజుల్లో వినడానికి పనికొచ్చేవి మీకేమైనా తెలిస్తే కింద రాయండి. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు మాటలున్నవైతే మరీ మంచిది.