నడుముకు సరిపోతే తొడలకు పట్టదు

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బరువు 86 కిలోలు. నడుము 38 అంగుళాలు, పిరుదుల దగ్గర 50. తొడలకు పట్టే జీన్స్ కొంటే వెనక నడుము దగ్గర చెయ్యి దూరేంత ఖాళీ మిగులుతుంది. నడుముకు సరిపోయేది తొడల దగ్గరే ఆగిపోతుంది. కిందటి నెల బట్టల దుకాణంలో మా ఆడపడుచు ట్రయల్ రూమ్ బయట నిలబడి, అందరూ వింటుండగా ‘వదినా, మగవాళ్ల విభాగంలో చూద్దామా?’ అంది. మా వారు ‘తగ్గాక కొనుక్కోవచ్చుగా’ అంటారు. ఆ మాట పట్టుకుని రెండు సైజులు చిన్న జీన్స్ కొని బీరువాలో పెట్టుకున్నాను. తలుపు తీసినప్పుడల్లా దుఃఖం వస్తుంది. ఉన్న జీన్స్‌తో సాయంత్రానికి పొట్ట మీద ఎర్రటి గీతలు పడుతున్నాయి, తొడ పక్క భాగం మొద్దుబారుతోంది. మొన్న మా ఎనిమిదేళ్ల పాప అద్దం ముందు నిలబడి ‘అమ్మా, నాకూ నీలాగే పొట్ట వచ్చిందా?’ అని అడిగింది. ఇంత చిన్న విషయానికి ఉత్తరం రాయడమేమిటని మీరు అనుకోవచ్చు.
– ఒక సోదరి

జవాబు: చిన్న విషయమని నేను అనుకోవడం లేదమ్మా. రోజుకు పది గంటలు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బట్ట నొప్పి పుట్టిస్తుంటే, దాన్ని కొనడానికి వెళ్లిన చోట అవమానం ఎదురైతే, అది మనసును తినేస్తుంది.

మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతితో మొదలుపెడతాను. తొడ బయటివైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటి తుంటి ఎముక ముందు అంచు పక్కనుంచి కిందికి దిగుతుంది. బిగుతైన నడుము పట్టీ సరిగ్గా అక్కడే నొక్కుతుంది. మొద్దుబారడం, మంట, సూదులతో గుచ్చినట్టు ఉండడం దాని లక్షణాలు. వైద్యులు దీన్ని ‘మెరాల్జియా పారెస్థెటికా’ అంటారు. చాలామందికి బిగుతు బట్టలు మానేస్తే క్రమంగా తగ్గిపోతుంది. అధిక బరువు, మధుమేహం వల్ల కూడా ఇది రావచ్చు కాబట్టి, వదులు బట్టలు వేసుకున్నా కొన్ని వారాల్లో తగ్గకపోతే వైద్యుడికి చూపించుకోండి. ఈలోగా ఆ పాత జీన్స్ మాత్రం ఇక వేసుకోకండి.

ఇక మీ నడుముకూ పిరుదులకూ మధ్య 12 అంగుళాల తేడా ఉంది. ఇందులో లోపమేమీ లేదు, ఎంతోమంది ఆడవాళ్ల శరీర నిర్మాణమే అంత. చిక్కు జీన్స్ తయారయ్యే పద్ధతిలో ఉంది. కర్మాగారంలో ముందుగా ఒక మధ్యస్థమైన సైజుకు నమూనా కత్తిరించి, దాన్నే నిర్ణీత కొలతల చొప్పున పెంచుతూ పోతారు. నడుముకూ పిరుదులకూ మధ్య తేడా చిన్న సైజులో ఎంతో, పెద్ద సైజులోనూ దాదాపు అంతే ఉంచేస్తారు. ఒళ్లు పెరిగినప్పుడు అన్ని చోట్లా ఒకే లెక్కన పెరగదు కదా! పైగా జేబుల మూలలు చిరగకుండా రాగి రివెట్లు, అంటే చిన్న లోహపు బిళ్లలు, బిగించిన ఈ ప్యాంటుకు లెవీ స్ట్రాస్, జేకబ్ డేవిస్ 1873లో పేటెంటు తీసుకున్నది కాయకష్టం చేసే మగవాళ్ల కోసం. లెవీ స్ట్రాస్ సంస్థే ఆడవాళ్లకంటూ జీన్స్ తెచ్చింది 1934లో. మన దేశంలో దుకాణాలు వాడే సైజులు కూడా ఎక్కువగా అమెరికా, బ్రిటన్ పట్టికల నుంచి తెచ్చుకున్నవే. భారతీయుల శరీరాలకు తగిన సైజుల పట్టిక కోసం జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ, అంటే నిఫ్ట్, హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో పాతిక వేల మందిని త్రీడీ స్కానర్లతో కొలిచే పని చేపట్టింది. ఇంత పెద్ద ప్రయత్నం అవసరమైందంటేనే, ట్రయల్ రూమ్‌లో జీన్స్ పట్టకపోతే తప్పు మీ ఒంటిది కాదని తెలుస్తోంది.

కాబట్టి ఈసారి నడుము కొలతతో వెతకకండి. పిరుదులకూ తొడలకూ సరిపోయేది కొని, నడుము దగ్గర దర్జీ చేత సరిచేయించుకోండి. వదులును తగ్గించవచ్చు కానీ చాలని చోట గుడ్డను పుట్టించలేం. ఇంట్లో టేపు తీసుకుని నాలుగు కొలతలు రాసిపెట్టుకోండి: బొడ్డు దగ్గర నడుము, పిరుదులు బాగా వెడల్పుగా ఉన్న చోట, తొడ పైభాగం, కాళ్ల మధ్య కుట్టు నుంచి బొడ్డు దాకా ముందువైపు ఎత్తు. చివరిదాన్నే దుకాణాల్లో రైజ్ అంటారు. మీలా పొట్ట, పిరుదులు ఉన్నవారికి ఎక్కువ రైజ్ ఉన్నదే సుఖం. పట్టీ పొట్ట మధ్యలో కోసుకోకుండా పైకి వెళ్లి నిలుస్తుంది, వంగినప్పుడు వెనక జారదు. తుంటి ఎముకను నొక్కదు కాబట్టి మీ తొడకూ మంచిది. కొన్ని బ్రాండ్లు ‘కర్వీ ఫిట్’ అని విడిగా అమ్ముతాయి. తొడల దగ్గర గుడ్డ ఎక్కువగా, నడుము దగ్గర తక్కువగా ఉండేలా కత్తిరిస్తారు. ముందు అది అడగండి. లేబుల్ మీది అంకెను మాత్రం నమ్మకండి. 38 అని రాసి ఉన్న రెండు బ్రాండ్ల జీన్స్‌ను టేపుతో కొలిస్తే రెండు రకాలుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పట్టికలో ఇచ్చినవి శరీరం కొలతలా, బట్ట కొలతలా అన్నది చూసుకోవాలి.

గుడ్డ విషయానికొస్తే, నూటికి నూరు పాళ్లు నూలు డెనిమ్ గట్టిగా ఉంటుంది, మీ తొడల దగ్గర ఒరుసుకుంటుంది. లోపలి లేబుల్ మీద ఎలాస్టేన్ లేదా స్పాండెక్స్, అంటే సాగే దారం, ఒకటి, రెండు శాతం ఉన్నది తీసుకోండి. అది మరీ ఎక్కువైతే మధ్యాహ్నానికల్లా మోకాళ్ల దగ్గర వేలాడిపోతుంది. మన ఎండలకు దళసరి డెనిమ్ కంటే పలుచనిదే నయం. ఉతికేటప్పుడు లోపలివైపు పైకి తిప్పి, చల్లటి నీళ్లలో ఉతికి నీడన ఆరేయండి. వేడి డ్రైయర్‌లో సాగే దారం చచ్చిపోతుంది.

వెనక నడుము దగ్గర చెయ్యి దూరేంత ఖాళీ అన్నారు. దానికి మంచి మందు ఉంది. ఆల్టరేషన్లు చేసే దర్జీ వెనక మధ్యలో ఉన్న బెల్టు లూపు విప్పి, పట్టీ కుట్టును తెరిచి, పట్టీ లోంచీ దాని కింది గుడ్డలోంచీ పైన వెడల్పుగా, కిందికి సన్నమవుతూ పోయే ముక్కను తీసేసి, అదే రంగు లావు దారంతో మళ్లీ కుడతాడు. పైన బెల్టు లూపు పడితే అతుకు కనిపించదు. రెండు అంగుళాల దాకా ఇలా తగ్గించవచ్చు. అంతకు మించితే వెనక జేబులు రెండూ మరీ దగ్గరగా వచ్చి చూడటానికి బాగుండదు. కత్తిరించడం ఇష్టం లేకపోతే వెనక పట్టీ లోపల ఎలాస్టిక్ వేయించుకోండి. నెలలో కొన్ని రోజులు పొట్ట ఉబ్బినా అది సర్దుకుంటుంది. అలాగే కొత్త జీన్స్ కొన్న వారంలోనే తొడలు ఒరుసుకునే చోట లోపలివైపు మెత్తటి గుడ్డ అతికించి కుట్టించండి, చిరిగేదాకా ఆగకండి. చర్మం ఒరుసుకుంటే లోపల పలుచని నూలు షార్ట్స్ వేసుకోవాలి. చెమటకు అక్కడ తామర రావడం మన ప్రాంతంలో మామూలే.

మీ వారి గురించి. ‘తగ్గాక’ అనే మాటలో ప్రేమ ఉండవచ్చు, మీ ఆరోగ్యం గురించి బెంగ ఉండవచ్చు. కానీ ఆ మాట మీ మీద పడుతున్న తీరు వేరు. సర్దుకుపోయే నాలుగు మాటలు కాకుండా నేరుగా చెప్పండి: ‘బరువు గురించి నేను డాక్టరుతో మాట్లాడతాను. ఇప్పుడు ఆఫీసుకు వేసుకోవడానికి నొప్పి పెట్టని బట్టలు కావాలి. ఇవి రెండూ వేర్వేరు విషయాలు.’ నిజంగానే థైరాయిడ్ పరీక్ష చేయించుకోకపోతే చేయించుకోండి, అది మీ కోసం. బీరువాలోని ఆ చిన్న జీన్స్‌ను మాత్రం ఈ వారంలోనే ఎవరికైనా ఇచ్చేయండి. మిమ్మల్ని తగ్గించేది అది కాదు, పొద్దున్నే ఏడిపించేది అది.

ఆడపడుచు మాటకు అక్కడే బదులివ్వలేకపోయానని బాధపడకండి. తీరిక చూసుకుని, ఎవరూ లేనప్పుడు, ‘ఆ రోజు నువ్వన్న మాట నాకు బాధేసింది. అందరి ముందూ నా ఒంటి గురించి మాట్లాడకు’ అనండి. కోపంగా వద్దు, నవ్వుతూ అసలే వద్దు. నవ్వితే ఆమె దాన్ని వేళాకోళంగానే తీసుకుంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పాప ప్రశ్న. ఆ వయసు పిల్లలు అమ్మ అద్దంలో తనను తాను చూసుకునే తీరును చూస్తారు. ‘ఛీ, అలా అనకూడదు’ అని నోరు మూయించకండి. ‘పొట్ట అందరికీ ఉంటుందమ్మా, నువ్వు తిన్న అన్నం అక్కడికే వెళ్తుంది. నువ్వు నా పొట్టలోనే పెరిగావు’ అని దగ్గరకు తీసుకోండి. ఆమె ముందు మీ ఒంటిని తిట్టుకోవడం ఇవాళ్టితో ఆపండి. కష్టమే, ఒక్క రోజులో రాదు. నోటిదాకా వచ్చినప్పుడు మింగేయడంతో మొదలుపెట్టండి.

దుకాణానికి ఆదివారం సాయంత్రం కాకుండా, పని రోజున పొద్దున్నే జనం లేనప్పుడు వెళ్లండి. మీ మీద అభిమానం ఉన్న స్నేహితురాలిని తీసుకెళ్లండి, లేదా ఒక్కరే వెళ్లండి. మూడు సైజులు ఒకేసారి లోపలికి తీసుకెళ్తే మాటిమాటికీ తలుపు తీసి అడగక్కర్లేదు. వేసుకున్నాక నిలబడి చూసుకోవడం చాలదు. కుర్చీలో కూర్చోండి, వంగి చెప్పు సరిచేసుకోండి, గొంతుక్కూర్చుని లేవండి. ఊపిరి బిగబట్టాల్సి వస్తే అది మీది కాదు, పక్కన పెట్టేయండి. ఇంటికి తెచ్చాక ట్యాగు తీయకుండా గంటసేపు వేసుకుని పనులు చేసుకోండి, భోజనానికి కూర్చోండి. అప్పటికీ హాయిగా ఉంటేనే దర్జీ దగ్గరకు తీసుకెళ్లండి. అంతవరకూ బిల్లు జాగ్రత్తగా ఉంచండి.