నాలుగు రోజుల్లో కంబోడియా

ప్రశ్న: డిసెంబరులో అమ్మానాన్నలతో కంబోడియా వెళ్తున్నాం. నాలుగు రోజులే టైముంది. అంకోర్ వాట్ కాక ఏవేం చూడొచ్చు?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు అంకోర్ వాట్‌నే తీరిగ్గా చూడండమ్మా. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకు కట్టించిన గుడి అది, తూర్పు మండపం గోడ మీద దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంటుంది, వాసుకిని అటు అసురులూ ఇటు దేవతలూ పట్టి లాగుతుంటే ఆ చిలుకుడుకి కింద నీళ్లలో చేపలు ముక్కలవడం కూడా చెక్కారు. నాన్నగారు అక్కణ్ణించి ఓ పట్టాన కదలరు చూడండి. పై అంతస్తు మెట్లు మాత్రం బాగా నిటారు, అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఎక్కించొద్దు. భుజాలూ మోకాళ్లూ కప్పే బట్టలు తప్పనిసరి.

తర్వాత బయాన్, రాతి ముఖాల గుడి. బాంటే స్రేయ్ వదలొద్దు. 967 నాటి చిన్న శివాలయం, గులాబీ రంగు రాతి మీద ఎంత సన్నటి పనో, మన లేపాక్షి చూసిన కళ్లు కూడా ఆగిపోతాయి.