సబ్‌పీనాను నోటీసు అనవచ్చా?

సందేహం: అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు తెచ్చిన వాటర్‌గేట్ కుంభకోణం గురించి ఒక వ్యాసంలో "టేపుల కోసం నిక్సన్‌కు నోటీసులు ఇచ్చారు" అని చదివాను. అక్కడ జారీ అయింది సబ్‌పీనా కదండీ! నోటీసు అంటే సరిపోతుందా? సమన్లు, తాఖీదు అనే మాటల్లో ఏది మేలు?

సమాధానం: నోటీసు అనకండి. నోటీసు విషయం తెలియజేస్తుంది. ఇంటి పన్ను బాకీకీ నోటీసే, అద్దె ఇల్లు ఖాళీ చేయమనడానికీ నోటీసే. ఈమధ్య వార్తల్లో ప్రతి కాగితమూ నోటీసైపోయింది, చదివేవాడికి దాని బరువు తెలియడం లేదు. సబ్‌పీనా అంటే సాక్ష్యానికి రమ్మని ఆదేశించే ఉత్తర్వు. అందులో ఆ బరువు పేరులోనే ఉంది. లాటిన్‌లో 'సబ్' అంటే కింద, 'పోయెనా' అంటే శిక్ష. రాకపోతే శిక్ష తప్పదన్న హెచ్చరికే ఆ ఉత్తర్వుకు పేరైంది. కాగితాలో వస్తువులో వెంట తెమ్మనే రకం ఇంకొకటి ఉంది. 1973 జులైలో సెనేట్ కమిటీ, ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్, నిక్సన్ తన సంభాషణలు రికార్డు చేయించుకున్న టేపుల కోసం పంపినవి అలాంటివే. కాక్స్ తర్వాత వచ్చిన లియాన్ జవోర్‌స్కీ కోరిన టేపుల దగ్గర పేచీ ముదిరి సుప్రీంకోర్టుకెక్కింది. 1974 జులై 24న 8-0తో నిక్సన్ ఓడారు, పదహారు రోజులకు పదవి వదిలారు. ఇంత కథ నడిపిన కాగితాన్ని నోటీసు అంటే ఎలాగండీ?

సమన్లు అనవచ్చు. సాక్షిని పిలిచినా, పత్రాలు తెమ్మన్నా మన కోర్టులు వాడే మాట అదే. ఇంగ్లీషులో సమన్స్ ఏకవచనమే. చివరి 'స్' చూసి బహువచనమనుకుని మనవాళ్లు 'లు' చేర్చారు. స్థిరపడిపోయింది, ఉండనివ్వండి.

ఇక నాకు ఇష్టమైన మాట దగ్గరికి వస్తాను. మీరు తాఖీదు అని రాశారు, పత్రికలూ అలాగే రాస్తున్నాయి. కానీ అది తాకీదు. మూలం అరబ్బీ 'తాకీద్', అందులో ఉన్నది మామూలు కకారమే. తారీఖులో 'ఖ' మూలంలోనే ఉంది. దాన్ని చూసి దీనికీ ఒత్తు తగిలించారేమో! అరబ్బీలో ఆ మాటకు గట్టిపరచడం, నొక్కి చెప్పడం అని అర్థం. ఒక మాటను నొక్కి చెప్పడాన్ని వాళ్ల వ్యాకరణం కూడా తాకీద్ అనే అంటుంది. ఉర్దూలో 'తాకీద్ కర్నా' అంటే మరీ మరీ చెప్పడం. కోర్టు అమీనా గుమ్మంలో నిలబడి, ఒక ప్రతి చేతికిచ్చి, రెండోదాని మీద సంతకం పెట్టించుకునేదాకా కదలడు చూడండి, ఆ పట్టు ఈ మాటలో ఉంది. శిక్ష ఊసు మాత్రం లేదు. అందుకే సబ్‌పీనాకు ఇదే సరైన మాటని ఒట్టేసి చెప్పలేను.

అమెరికా సంగతి రాసేటప్పుడు మొదటిసారి సబ్‌పీనా అనే రాసి, అర్థం ఒక ముక్కలో చెప్పి, ఆపైన తాకీదు అని వాడితే నాకు అభ్యంతరం లేదు. సమన్లు అన్నా తప్పు పట్టను. ఒత్తు మాత్రం తీసేయండి.