లాన్ బౌల్స్ పెనెంట్‌లో మొదటిసారి లీడ్‌గా ఆడేవారికి: రింక్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

మీ ప్రశ్న చదవగానే ఆరేళ్ళ కిందటి నా మొదటి శనివారం గుర్తొచ్చింది. నేనూ మీలాగే ఆఫీసు వాళ్ళతో సరదాగా బేర్‌ఫుట్ బౌల్స్‌కి (చెప్పులు లేకుండా కాలక్షేపానికి ఆడే లాన్ బౌల్స్‌కి) వెళ్ళి, క్లబ్ వాళ్ళు రమ్మంటే పెనెంట్‌లోకి, అంటే క్లబ్బుల మధ్య జరిగే పోటీలోకి, వచ్చినదాన్నే. వచ్చే వారం మిమ్మల్ని ఫోర్స్‌లో (నలుగురేసి ఆడే ఆటలో) లీడ్‌గా, అంటే టీమ్‌లో మొదట బౌల్ వేసే మనిషిగా, వేశారని, రూల్స్ పుస్తకం తెరిస్తే టెన్షన్ ఇంకా పెరిగిందని రాశారు. కనీసం ఏమేం తెలిస్తే టీమ్‌కి ఇబ్బంది కలగకుండా ఆడొచ్చని అడిగారు. నేనూ మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక చిన్న క్లబ్‌కే ఆడుతున్నాను. రెండు సీజన్లు లీడ్, తర్వాత సెకండ్, ఇప్పుడు థర్డ్. నేను అంపైర్‌ని కాదు. ఆడుతూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నదే చెబుతాను.

పుస్తకంలో ఉన్న నడవడిక రూల్స్‌లో చాలా వరకు ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. ఈ క్షణంలో రింక్, అంటే మనం ఆడే పట్టీ, ఎవరిది? ఎవరు బౌల్ (దొర్లించే పెద్ద బంతి) వేస్తున్నారో రింక్ వాళ్ళ టీమ్‌ది. ఆ బౌల్ ఆగగానే రింక్ అవతలి టీమ్ చేతికి వెళ్ళిపోతుంది. ఆ బౌల్ జాక్‌ని (అందరూ దగ్గరగా చేరాలని చూసే చిన్న బంతిని) తాకి ఉంటే దానికి చాక్ గుర్తు పెట్టడానికి కాస్త వ్యవధి ఇస్తారు, అంతే. రింక్ మీది కానప్పుడు కదలకూడదు, మాట్లాడకూడదు, వాళ్ళ చూపుకి అడ్డం రాకూడదు. మ్యాట్ వైపు (బౌల్ వేసే చివర) ఉంటే మ్యాట్‌కి కనీసం ఒక మీటరు వెనక నిలబడాలి. హెడ్ (జాక్, దాని చుట్టూ ఆగిన బౌల్స్) వైపు ఉంటే జాక్ వెనక, హెడ్‌కి దూరంగా ఉండాలి.

చదివితే చాలా తేలికగా ఉంటుంది. ఆటలో పడితే మర్చిపోతాం. నా మూడో మ్యాచ్‌లో ఇలాగే జరిగింది. లీడ్‌గా నా రెండు బౌల్స్ అయిపోయాయి, హెడ్ వైపుకి వచ్చేశాను. మా బౌల్ ఒకటి జాక్‌కి దగ్గరగా ఉందో లేదో చూద్దామని రెండడుగులు ముందుకి వేసి వంగాను. అవతలి చివర వాళ్ళ స్కిప్ (టీమ్ కెప్టెన్), డెబ్భై దాటిన పెద్దాయన, అప్పటికే ఒక కాలు ముందుకి వేసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నన్ను చూసి ఆగిపోయి, నిటారుగా నిలబడి, బౌల్‌ని గుడ్డతో తుడుస్తూ ఎదురుచూశారు. ఒక్క మాట అనలేదు. నాకు ఎందుకు ఆగారో కూడా అర్థం కాలేదు. మా సెకండ్ వచ్చి నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, "ఇప్పుడు రింక్ వాళ్ళది" అని చెవిలో చెప్పింది. ఆ పెద్దాయన అంపైర్‌ని పిలిచి ఉంటే నాకు హెచ్చరిక వచ్చేది. హెచ్చరిక తర్వాత మళ్ళీ అదే పని చేస్తే మన టీమ్ చివరగా వేసిన బౌల్‌ని డెడ్ అంటారు, అంటే అది ఆటలోంచి పోయినట్టే. మన కుతూహలానికి పక్కవాళ్ళ మంచి బౌల్ పోవడం కన్నా బాధ ఇంకోటి ఉండదు.

ఇక లీడ్ పని. ఫోర్స్‌లో ఒక్కొక్కరికి రెండు బౌల్స్. లీడ్లు ఇద్దరూ ఒకటి తర్వాత ఒకటి వేస్తారు, తర్వాత సెకండ్లు, ఆ తర్వాత థర్డ్‌లు, చివరికి స్కిప్‌లు. మ్యాట్ పరిచి జాక్ వేసేది లీడే. ఇక్కడ జాక్‌ని కిట్టీ అని కూడా అంటారు, కంగారు పడకండి. జాక్ మ్యాట్ గీత నుంచి కనీసం 23 మీటర్లు వెళ్ళాలి. అంత దూరం వెళ్ళకపోయినా, రింక్ పక్క గీత దాటి పోయినా, అవతలి లీడ్ జాక్ వేస్తారు. కానీ మొదటి బౌల్ మాత్రం మీదే. కొత్తవాళ్ళు చాలామంది జాక్‌తో పాటు మొదటి బౌల్ కూడా పోయిందనుకుని పక్కకి తప్పుకుంటారు. నేనూ ఒకసారి అలాగే తప్పుకున్నాను. బౌల్ వదిలేటప్పుడు ఒక పాదం పూర్తిగానో కొంతైనానో మ్యాట్ మీద గానీ, మ్యాట్‌కి పైన గాల్లో గానీ ఉండాలి. బేర్‌ఫుట్ బౌల్స్ అలవాటుతో ముందుకి నడుచుకుంటూ వెళ్ళి వేసే వాళ్ళకి ఇదే పెద్ద చిక్కు. ఇంట్లో కాళ్ళు తుడుచుకునే పట్టా ఒకటి పరుచుకుని ప్రాక్టీస్ చెయ్యండి. అసలు మ్యాట్ 60 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు.

వంతు తప్పి వెయ్యడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే లీడ్‌లే ఎక్కువగా ఈ తప్పు చేస్తారు. మొదటి సీజన్‌లో ఒక ఎండ్‌లో (అందరూ తమ బౌల్స్ వేసే ఒక విడతలో) నా మొదటి బౌల్ నెమ్మదిగా వంపు తిరుగుతూ వెళ్ళి జాక్‌ని ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఆగింది. నా జీవితంలో మొదటి టచర్ అది. ఆనందంలో వెంటనే రెండో బౌల్ తీసి వేసేశాను. నా పక్కన అవతలి లీడ్ తన బౌల్ చేత్తో పట్టుకుని నిలబడే ఉంది, నాకు కనిపించనే లేదు. ఇలాంటప్పుడు బౌల్ దొర్లుతుండగానే అవతలి స్కిప్ దాన్ని ఆపి వెనక్కి పంపొచ్చు. ఆగిపోయాక, హెడ్ ఏమీ చెదరకపోతే, వాళ్ళకి రెండు దారులు: మన బౌల్‌ని వెనక్కి ఇచ్చి సరైన వరసలో ఆడించడం, లేదా హెడ్‌ని ఉన్నది ఉన్నట్టు ఉంచి తాము వరసగా రెండు బౌల్స్ వేసుకోవడం. హెడ్ చెదిరితే ఎండ్‌ని డెడ్ అనే హక్కు కూడా వాళ్ళకి ఉంటుంది. ఏది ఎంచుకోవాలో వాళ్ళిష్టం, మనం వాదించడానికి లేదు. ఆ రోజు వాళ్ళు రెండు బౌల్స్ వరసగా వేశారు. రెండోది జాక్‌ని మా టచర్ దగ్గర నుంచి మీటరున్నర అవతలికి తోసింది. ఆ ఎండ్‌లో మూడు షాట్లు (పాయింట్లు) ఇచ్చుకున్నాం. అప్పటి నుంచి మొదటి బౌల్ వేశాక రెండోది చేత్తో ముట్టుకోను. అవతలి వాళ్ళ బౌల్ ఆగాకే వంగి తీస్తాను. మీరూ ఇదే అలవాటు చేసుకోండి.

టచర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. తాను ఆగేలోపు జాక్‌ని తాకిన బౌల్ టచర్. మామూలు బౌల్ డిచ్‌లో (గ్రీన్, అంటే మైదానం, చివర ఉండే గాడిలో) పడితే చచ్చినట్టే, టచర్ పడినా (రింక్ హద్దుల్లో ఉంటే) ఆటలోనే ఉంటుంది. కానీ తర్వాతి బౌల్ ఆగేలోపే దానికి చాక్ గుర్తు పెట్టాలి, లేదా ఇది టచర్ అని చూపించాలి. ఆలస్యమైతే ఆ హక్కు పోతుంది. హెడ్ దగ్గర ఉన్న మీ స్కిప్పే సాధారణంగా ఆ పని చూసుకుంటారు. మీరు మాత్రం మ్యాట్ దగ్గర నుంచి తాకిందని మీకు అనిపిస్తే గట్టిగా చెప్పండి, దూరం నుంచి కొన్నిసార్లు మనకే బాగా కనిపిస్తుంది.

స్కిప్ చెప్పినట్టు వినాలా, నా ఆలోచన చెప్పొచ్చా అని కూడా అడిగారు. రూల్ ప్రకారం టీమ్ బాధ్యత పూర్తిగా స్కిప్‌దే. ఫోర్‌హ్యాండ్ వెయ్యమంటే ఫోర్‌హ్యాండే. మీకు బ్యాక్‌హ్యాండ్ మీద నమ్మకం ఎక్కువని ట్రయల్ ఎండ్స్ (ఆటకి ముందు వేసి చూసుకునే ఎండ్స్) అప్పుడే చెప్పండి, ఎండ్ మధ్యలో మ్యాట్ మీద నిలబడి తల అడ్డంగా ఊపకండి. స్కిప్‌లు హెడ్ నుంచి మ్యాట్‌కి దాటాక హెడ్ వైపు చూసుకునేది థర్డ్. అప్పుడు లీడ్, సెకండ్ కూడా చేతులూపుతూ సలహాలిస్తే స్కిప్‌కి నాలుగు మాటలు నాలుగు రకాలుగా వినపడతాయి. మీకేదైనా తోస్తే థర్డ్‌కి మెల్లగా చెప్పండి.

స్కిప్‌లు అందరూ ఒకలా ఉండరు, అదీ నిజం. నేను ముందు ఆడిన క్లబ్‌లో ఒక స్కిప్ మన బౌల్ పొట్టిగా పడగానే రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, వెనక్కి తిరిగి నిలబడేవారు. ఒక సీజనంతా ఆయన కింద ఆడాను. మ్యాట్ ఎక్కేసరికి చెయ్యి బిగుసుకుపోయేది. చివరికి మ్యాచ్ అయ్యాక ఒక్కదాన్నే వెళ్ళి, "ఎంత పొట్టిగా పడిందో చెప్పండి చాలు, నేను సరి చేసుకుంటాను" అని అడిగాను. ఆయన మారలేదు. సెలెక్టర్లకి చెప్పి వేరే టీమ్‌లోకి మారాను. మీకూ అలాంటి పరిస్థితి వస్తే గ్రీన్ మీద గొడవ పెట్టుకోకండి, భరిస్తూ కూర్చోనూ కూర్చోకండి. సెలెక్టర్లకి చెప్పడం ఫిర్యాదు కాదు, అది వాళ్ళ పనిలో భాగమే. ఇప్పటి మా స్కిప్ ప్రతి బౌల్‌కీ "మీటరు పొట్టి", "అర మీటరు ఎక్కువ" అని రెండు మాటలే చెబుతుంది. లీడ్‌కి కావలసింది ఆ రెండు మాటలే.

షాట్లు లెక్కపెట్టేటప్పుడు లీడ్ చెయ్యవలసింది ఆగడం. రెండు టీముల థర్డ్‌లు ఒప్పుకునే దాకా ఒక్క బౌల్ కూడా కదపకూడదు. చివరి బౌల్ ఆగకముందే టేపు తియ్యడం కూడా కుదరదు. మేము ఆడే చోట షాట్ మాది అని మనం అనము, అవతలి థర్డ్ "మీది" అని ఇస్తేనే తీసుకుంటాం. ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. పోయిన సీజన్‌లో ఆఖరి ఎండ్ అప్పుడు స్కోరు సమానంగా ఉంది, జాక్‌కి అటొకటి ఇటొకటి రెండు బౌల్స్. కంటికి తేడా తెలియడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని టేపు లాగుతుంటే నా మణికట్టు వాళ్ళ బౌల్‌కి తగిలింది. వెంట్రుకవాసి కదిలి ఉంటుంది. అందరూ టేపునే చూస్తున్నారు, ఎవరూ గమనించలేదు. "నా చెయ్యి తగిలింది" అన్నాను. మన చేతుల్లో కదిలితే దాన్ని యథాస్థానంలో పెట్టేది అవతలి టీమ్. వాళ్ళ థర్డ్ వచ్చి బౌల్‌ని సర్ది, తనే కొలిచింది. షాట్ వాళ్ళకి వెళ్ళింది, ఒక్క షాట్ తేడాతో ఓడిపోయాం. మా టీమ్‌లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. స్కిప్ వచ్చి టేపు నా చేతిలోంచి తీసుకుని చుట్టి నా జేబులో పెట్టింది.

తెలుగువాళ్ళం ఎదుర్కొనే విషయం ఒకటి. మా టీమ్‌లో గుంటూరు నుంచి వచ్చిన ఒక అన్నయ్య సెకండ్. మొదట్లో ఇద్దరం "వెయిట్ (వేసే బలం) తగ్గించు", "ఇంకొంచెం బయటికి పట్టు" అని తెలుగులోనే అరుచుకునేవాళ్ళం. ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. కానీ మా సొంత లీడ్‌కి, స్కిప్‌కి అర్థం కాక వాళ్ళే ఒంటరి అయిపోతున్నారని అన్నయ్య గమనించాడు. ఇప్పుడు రింక్ మీద ఇంగ్లీషు, టీ బల్ల దగ్గర తెలుగు.

మంచి బౌల్ పడితే అది అవతలి వాళ్ళదైనా "గుడ్ బౌల్" అనండి. వాళ్ళ బౌల్ పొట్టిగా పడ్డప్పుడు చప్పట్లు కొట్టకండి. మీ బౌల్ ఎక్కడో తగిలి అదృష్టం కొద్దీ జాక్ దగ్గరికి వస్తే చెయ్యెత్తి ఒప్పుకోండి. బయాస్ (బౌల్ వంపు తిరిగే వైపు) తిరగేసి పట్టుకోవడం అందరికీ జరిగేదే. అది పక్క రింక్‌లోకి దూరితే వెంటనే కేకేసి హెచ్చరించండి, వాళ్ళు ఆపుకుంటారు. ఆట అవగానే కిట్ బ్యాగు సర్దేసుకుని వెళ్ళిపోకండి. ఇక్కడ గెలిచినవాళ్ళు తమకి ఎదురాడిన వాళ్ళకి డ్రింక్ కొనివ్వడం ఆనవాయితీ. నేను మందు తాగను, లెమన్ స్క్వాష్ తీసుకుంటాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.

సమయం ఉంటే 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మహిళల ఫోర్స్ ఫైనల్ వీడియో వెతికి చూడండి. లవ్లీ చౌబే లీడ్, పింకీ సెకండ్, నయన్‌మోని సైకియా థర్డ్, రూపా రాణీ తిర్కీ స్కిప్. సౌతాఫ్రికాని 17-10 తో ఓడించి ఈ ఆటలో భారత్‌కి మొదటి కామన్వెల్త్ స్వర్ణం తెచ్చారు. 8-2 ఆధిక్యం కరిగిపోయి స్కోరు సమమైన దశ కూడా ఉంది అందులో. బౌల్ వేస్తున్న మనిషిని కాకుండా, వెయ్యని ముగ్గురూ ఎక్కడ నిలబడ్డారో చూడండి. పైన ఇంత పొడుగ్గా రాసింది అక్కడ కళ్ళకి కనిపిస్తుంది.

శనివారం అరగంట ముందే వెళ్ళండి. మడమ లేని నున్నటి అడుగు బూట్లు, టోపీ, బౌల్ తుడిచే గుడ్డ, జేబులో చాక్ ఉంటే చాలు. ఆట మొదలయ్యే ముందు అటొకటి ఇటొకటి ట్రయల్ ఎండ్స్ ఉంటాయి, వాటిలో గ్రీన్ వేగం పట్టుకోండి. ఇక్కడ వేగాన్ని సెకన్లలో చెబుతారు, సెకన్లు ఎక్కువైతే గ్రీన్ ఫాస్ట్ అన్నమాట. మీరు ఆడబోయేది గడ్డి గ్రీనా, సింథటిక్కా చెబితే ఎంత బయటికి పట్టాలో నాకు తెలిసినంత మళ్ళీ రాస్తాను.