కోల్ట్, స్కోఫీల్డ్: రెండు సైనిక రివాల్వర్ల కథ

ప్రశ్న: 1870ల నాటి అమెరికా అశ్వికదళం వాడిన రివాల్వర్లలో కోల్ట్ కంటే స్కోఫీల్డ్‌లో తూటాలు త్వరగా నింపవచ్చని చదివాను. అటువంటప్పుడు సైన్యం కోల్ట్‌నే ఎందుకు నిలుపుకుంది?
– ఒక విశ్రాంత సైనికుడు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు చదివినది నిజమే. 1873లో సైన్యం స్వీకరించిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్‌కు కుడివైపు చిన్న మూత ఉంటుంది. దాన్ని తెరిచి, గొట్టం పక్కనున్న కడ్డీతో ఖాళీ తొడుగులను ఒక్కొక్కటిగా నెట్టివేసి, కొత్త తూటాలను కూడా ఆ దారినే ఒకటొకటిగా నింపాలి. స్కోఫీల్డ్‌కు మూలమైన స్మిత్ అండ్ వెసన్ కంపెనీ వారి రివాల్వర్ అయితే మధ్యకు మడత పడుతుంది, విప్పగానే ఆరు తొడుగులూ ఒకేసారి బయటపడతాయి. అశ్వికదళ మేజర్ జార్జ్ స్కోఫీల్డ్ దాని గొళ్లాన్ని గొట్టం మీది నుంచి చట్రం మీదికి మార్పించడంతో, ఒక చేత కళ్లెం పట్టుకున్న రౌతు రెండో చేతి బొటనవేలితోనే దాన్ని విప్పగలిగాడు. గుర్రం మీద ఉన్నవాడి అవసరం ఎరిగిన మనిషి చేసిన మార్పు అది. అందుకే నాకు ఆయన మీద ఎంతో గౌరవం.

అయితే చిక్కంతా తూటా పొడవులో వచ్చింది. స్కోఫీల్డ్‌లో తూటాలు పట్టే సిలిండర్ పొట్టిది కావడంతో దానికోసం ప్రత్యేకంగా పొట్టి తూటా చేయవలసి వచ్చింది. ఆ తూటా కోల్ట్‌లోనూ పేలుతుంది గాని, కోల్ట్ తూటా స్కోఫీల్డ్‌లో పట్టదు. తరువాత ప్రభుత్వ కర్మాగారం రెండింటికీ సరిపోయే పొట్టి తూటానే తయారుచేసినా, పొడవాటి తూటాల పాత నిల్వలు ఉండనే ఉన్నాయి, పైగా రెండూ 45 కాలిబర్‌వే (అంటే సుమారు 0.45 అంగుళాల వ్యాసం గలవే). రైలుదారికి దూరాన ఉన్న కోటకు పొరపాటున పొడవాటి తూటాల పెట్టె చేరితే, స్కోఫీల్డ్ పట్టిన దళానికి ఆయుధం ఉండీ లేనట్టే. స్టోర్సు నుంచి మందుగుండు అందుకున్న మీకు ఈ ప్రమాదాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. దీనికి తోడు కోల్ట్ నిర్మాణం సరళమైనది, గట్టిది. సైన్యం కోల్ట్‌లను సుమారు 37,000 కొనగా, స్కోఫీల్డ్‌లను 8,000 పైచిలుకు మాత్రమే కొన్నది.

1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది వద్ద అమెరికా ఆదివాసీ యోధుల చేతిలో తుడిచిపెట్టుకుపోయిన సైనికాధికారి కస్టర్ దళానికి స్కోఫీల్డ్‌లు ఉండి ఉంటే ఫలితం మారేదనే వాదనతో నేను ఏకీభవించను. తన బలాన్ని చీల్చుకుని, తనకంటే ఎన్నో రెట్ల యోధులను ఎదుర్కొన్న దళాన్ని ఏ రివాల్వరూ కాపాడగలిగేది కాదు.

మిగులు స్కోఫీల్డ్‌లను సైన్యం అమ్మివేసింది. 1892లో అది 38 కాలిబర్ రివాల్వర్‌కు మారినా, ఫిలిప్పీన్స్ యుద్ధంలో ఆ తూటా దెబ్బ చాలకపోవడంతో, గొట్టం అయిదున్నర అంగుళాలకు కుదించిన పాత 45 కోల్ట్‌లనే మళ్లీ సైనికుల చేతికిచ్చారు.