సుధకు, సైకిల్ బిగించే ముందు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం నీకు ఎక్సర్‌సైజ్ సైకిల్ వస్తోందని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బెంగళూరు మారతహళ్లిలో లిఫ్టు లేని మూడో అంతస్తు, ఆపైన రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో మోకాళ్లు మడుచుకుని గంటన్నర కూర్చోవడం. మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప కింద పోటు ఎనిమిది నెలలుగా ఉందట! ఎవరికీ చెప్పకుండా మాత్రలు మింగావని ఒళ్లు మండింది. డాక్టరుకు చూపించుకుని నీ అంతట నువ్వే వ్యాయామానికి పూనుకున్నావని వినగానే ఆ కోపం నిలవలేదు తల్లీ.

సైకిల్ ఊగకుండా చదును నేల మీద పెట్టు. బూట్లు వేసుకో. పెడల్ పట్టీ బిగించు. ఇవి నీకు తెలిసినవే.

సీటు దగ్గరే నా బెంగ. మీ అమ్మ సైకిల్ కొన్నప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. రెండు కాళ్లూ నేలకు ఆనితే పడిపోనని సీటు బాగా కిందికి దించేసింది. సీటు కిందికుంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు ఎక్కువగా మడతపడుతుంది. ఆ మడతలో బలం పెట్టి తొక్కితే చిప్ప తొడ ఎముకకు గట్టిగా నొక్కుకుంటుంది. అది చాలదన్నట్టు పెడల్ బరువు పెంచే రెసిస్టెన్స్ నాబ్ సగం దాకా తిప్పి, మొదటిరోజే అరగంట తొక్కింది. ఒళ్లు అలవకపోతే అది వ్యాయామమే కాదని తన నమ్మకం. తెల్లారేసరికి మోకాలు వాచింది. వాపు నాలుగు రోజుల్లో తీసింది గానీ, కదిలిస్తే కీలు అరిగిపోతుందన్న భయం మాత్రం తనలో ఉండిపోయింది. తిరుమల నడక మెట్లు చకచకా ఎక్కిన మనిషి, ఇప్పుడు డాబా మెట్లకే వెనకాడుతోంది. నీకూ ఆ భయం పట్టుకుంటుందేమోనని రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఇలా చెయ్యి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి, పెడల్‌ని అడుక్కి తీసుకురా. అప్పుడు కాలు తిన్నగా చాపినట్టు రావాలి. ఇక పాదం ముందు భాగాన్ని పెడల్ మీదికి తెస్తే మోకాలిలో చిన్న వంపు మిగులుతుంది. 25 నుంచి 35 డిగ్రీలు ఉంటే చాలు. తొక్కేటప్పుడు తుంటి అటూ ఇటూ ఊగినా, మోకాలి వెనక లాగినా సీటు ఎత్తు ఎక్కువైందని అర్థం, ఒక గడి దించు. ఈ ఎత్తులో పాదాలు నేలకు అందవు. దిగేముందు చక్రం పూర్తిగా ఆగనిచ్చి, హ్యాండిల్ పట్టుకుని, కిందున్న పెడల్ మీద నిలబడి రెండో కాలు దించు.

మొదటి వారం నాబ్ సున్నా దగ్గరే. రోజు విడిచి రోజు ఎనిమిది నిమిషాలు, నిమిషానికి 60 చుట్ల వేగంతో. తర్వాత రెండేసి నిమిషాలు పెంచు. ఇరవై నిమిషాలు హాయిగా తొక్కగలిగాకే నాబ్ జోలికి వెళ్లు.

కాళ్లకు వేసుకునే సాగే రబ్బరు పట్టీలు, అదే లూప్ బ్యాండ్‌లు కూడా కొన్నావట, మంచి పని. మెట్టు దిగేటప్పుడు నీ మోకాలు లోపలికి వాలుతోందో లేదో అద్దం ముందు చూసుకో. వాలుతుంటే పిరుదు పక్క కండకు బలం కావాలి. అన్నిట్లో పల్చటి బ్యాండు మోకాళ్లకు కాస్త పైన వేసుకుని, కొంచెం వంగి, పక్కకి పదడుగులు, మళ్లీ రెండో పక్కకి పదడుగులు, రెండు విడతలు. రంగు చూసి ఎంచుకోకు, ఏ రంగు ఎంత గట్టిదో కంపెనీని బట్టి మారుతుంది. వేసుకునే ముందు సాగదీసి చూడు, చిన్న చీలిక కనిపించినా పారెయ్యి.

నొప్పి అసలు రాకూడదని పట్టుపట్టకు. పదికి మూడు దాకా ఉండి, మర్నాటికి మామూలైతే ఫర్వాలేదు. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే సగానికి తగ్గించు, మొత్తం మానెయ్యకు. మోకాలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో పట్టేసి కదలకపోయినా, నిలబడితే కూలబడినా, పిక్క ఒకటే వాచినా ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. మాత్ర వేసుకుని తొక్కకు, ఎక్కడ ఆగాలో చెప్పే నొప్పి అప్పుడు తెలియదు.

శనివారం సీటు సరిచేశాక పక్కనుంచి ఫోటో తీయించి పంపు. పెడల్ అడుగున ఉండాలి, తుంటి నుంచి మడమ దాకా కాలు మొత్తం కనబడాలి. అది చూసి నేను ఫోన్ చేసేదాకా తొక్కకు.

ప్రేమతో,
పెద్దమ్మ